స్టాక్ స్విచ్‌లకు రెండో అప్‌లింక్: ఏ పద్ధతి ఎక్కడ నప్పుతుంది

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు కాలేజీల్లో, నర్సింగ్ హోముల్లో, మిల్లు ఆఫీసుల్లో నెట్‌వర్క్ చూసుకునే తెలుగువారు తరచూ ఒక ప్రశ్న అడుగుతుంటారు. రెండు మూడు స్విచ్‌లను స్టాక్‌గా, అంటే అన్నీ ఒకే స్విచ్‌లా పనిచేసేలా, కలిపారు. పైనున్న కోర్ స్విచ్‌కు, అంటే నెట్‌వర్క్ మొత్తానికి ప్రధాన స్విచ్‌కు, వెళ్లే కేబుల్ (అప్‌లింక్) ఇప్పటికి ఒక్కటే ఉంది, రెండోది లాగాలనుకుంటున్నారు. రెండింటినీ బండిల్ చేయాలా (ఒకే లింకుగా కట్టాలా), ఒకదాన్ని ఆపి ఉంచాలా, లేక రౌటింగ్ పెట్టుకోవాలా?

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఏ పద్ధతి అన్నది మీ స్టాక్‌ను బట్టి కాదు, దానికి పైనున్న పరికరాన్ని బట్టి తేలుతుంది. ఆ తర్వాత చూడాల్సింది, రాత్రివేళ లింకు పడిపోతే ర్యాక్ దగ్గర ఉండే మనిషి ఎవరన్నది. విశాఖపట్నంలో విడిభాగం అదే రోజు దొరుకుతుంది. మల్కాన్‌గిరిలోనో గుణుపురంలోనో ఉన్నవారు విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో తెప్పించుకోవాలి. ఆ విడిభాగం వచ్చేదాకా ఆస్పత్రి బిల్లింగ్, కాలేజీ ఆన్‌లైన్ పరీక్ష ఆగకూడదంటే రెండో అప్‌లింక్ నిజంగా రెండోదిగా ఉండాలి.

పైన ఏముందో ముందు చూడండి

పైన ఒకే కోర్ స్విచ్, ఒకే రౌటర్ లేదా ఒకే ఫైర్‌వాల్ ఉండవచ్చు. లేదా రెండు స్విచ్‌లు ఉండి, అవి కూడా స్టాక్‌గానో, వీపీసీ, వీఎస్ఎక్స్, ఎంఎల్ఏజీ లాంటి ఏర్పాటుతోనో కింది పరికరానికి ఒకటిగా కనిపించవచ్చు. ఈ రెండు సందర్భాల్లోనూ ఎల్ఏసీపీ బండిల్‌నే (రెండు చివరలూ సందేశాలతో మాట్లాడుకుని కట్టుకునే బండిల్) ఎంచుకోండి, మరో ఆలోచన అక్కర్లేదు.

పైన రెండు స్విచ్‌లు ఉండి, దేనికదే విడిగా పనిచేస్తుంటే మాత్రం బండిల్ కుదరదు. ఎల్ఏసీపీ సందేశంలో ప్రతి పరికరం తన గుర్తింపును పంపుతుంది. రెండు కేబుళ్ల మీదా ఒకే గుర్తింపు వస్తేనే స్టాక్ వాటిని ఒక కట్టగా ఒప్పుకుంటుంది. వేర్వేరు గుర్తింపులు వస్తే ఒక లింకు కట్టలో చేరి, రెండోది బయటే ఉండిపోతుంది. ఎల్ఏసీపీ మానేసి బలవంతంగా స్టాటిక్ బండిల్ పెడితే ఇంకా చెడ్డది: ఒకే కంప్యూటర్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే నంబరు) పై స్విచ్‌ల పట్టికల్లో ఒకసారి ఒక పోర్టు మీద, మరోసారి ఇంకో పోర్టు మీద కనిపిస్తూ నెట్‌వర్క్ అంతా కుంటుతుంది.

ఫైర్‌వాల్ జంటల దగ్గర ఈ పొరపాటు ఎక్కువ. ఒకటి యాక్టివ్, ఒకటి స్టాండ్‌బైగా పెట్టిన రెండు ఫైర్‌వాల్‌లు బయటికి ఒకటిగా కనిపించినా, సాధారణంగా ఎల్ఏసీపీ దృష్టిలో అవి రెండు పరికరాలే. ఒక్కో ఫైర్‌వాల్‌కు ఒక్కో బండిల్ విడిగా కట్టాలి. ఆ ఒక్కో బండిల్‌లోని కేబుళ్లను స్టాక్‌లోని వేర్వేరు స్విచ్‌లకు పంచాలి.

ఎల్ఏసీపీ బండిల్

2000లో 802.3ఏడీగా వచ్చి, 2008లో 802.1ఏఎక్స్‌లోకి మారిన ప్రమాణం ఇది. అన్ని కంపెనీల స్విచ్‌లూ దీన్ని అర్థం చేసుకుంటాయి. స్టాక్‌లోని మొదటి స్విచ్ నుంచి ఒక కేబుల్, రెండో స్విచ్ నుంచి మరో కేబుల్ పైకి వెళ్తాయి. రెండూ కలిసి ఒకే లింకుగా పనిచేస్తాయి. ఒక కేబుల్ తెగినా, ఒక స్విచ్‌కు కరెంటు పోయినా మిగిలిన దాని మీద ట్రాఫిక్ సాగుతుంది. లింకు పడిపోయినట్టు పోర్టుకు తెలిస్తే మార్పు సాధారణంగా సెకను లోపే జరిగిపోతుంది. రెండు కేబుళ్లూ రోజూ పనిచేస్తుంటాయి కాబట్టి రెండోది బాగుందో లేదో ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది. ఆపి ఉంచిన కేబుల్‌కు ఈ సుఖం లేదు. అది ఎప్పుడో చెడిపోయి ఉంటుంది, అవసరం పడిన రోజున బయటపడుతుంది.

వేగం విషయంలో ఆశలు సరిగా ఉంచుకోండి. రెండు 1 గిగాబిట్ కేబుళ్లు కలిపితే ఒక ఫైల్ కాపీ 2 గిగాబిట్ల వేగంతో నడవదు. ప్యాకెట్లు వరుస తప్పకుండా ఉండడానికి ఒక సంభాషణ మొత్తం ఒకే కేబుల్ మీద నడుస్తుంది. ఏ సంభాషణ ఏ కేబుల్ మీదికి వెళ్లాలో అడ్రస్‌లను బట్టి చేసే హ్యాష్ లెక్క తేలుస్తుంది. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. సిస్కో 2960, 3750 వంటి పాత స్విచ్‌లలో మామూలు అమరికలో ఈ లెక్క పంపినవారి మ్యాక్ అడ్రస్ మీద జరుగుతుంది. కింది నుంచి పైకి వెళ్లేటప్పుడు కంప్యూటర్లు అనేకం కాబట్టి పంపకం బాగానే ఉంటుంది. పై నుంచి కిందికి వచ్చేటప్పుడు పంపేది ఒక్క రౌటరే. దాని మ్యాక్ ఒక్కటే, అందువల్ల డౌన్‌లోడ్ అంతా ఒకే కేబుల్ మీద పడుతుంది. రెండో కేబుల్ దాదాపు ఖాళీగా ఉంటుంది. రెండు వైపులా పంపినవారి, అందుకునేవారి ఐపీ అడ్రస్‌లు కలిపి లెక్కించే పద్ధతికి మార్చండి. పంపకాన్ని ఏ వైపు స్విచ్ ఆ వైపు నుంచి పంపేదానికే నిర్ణయిస్తుంది కాబట్టి, ఒక్క స్టాక్‌లో మారిస్తే సరిపోదు.

ఎల్ఏసీపీ లేకుండా స్టాటిక్‌గా కట్టేయడం తేలిక కదా అంటారు. మన జిల్లాల్లో నేను దాన్ని గట్టిగా వద్దంటాను. కారణం మీడియా కన్వర్టర్లు. ఇక్కడ భవనాల మధ్య ఫైబర్ చాలాచోట్ల నేరుగా స్విచ్ ఎస్ఎఫ్‌పీలోకి (ఫైబర్ మాడ్యూల్ పెట్టే పోర్టు) రాదు. ఒక చిన్న కన్వర్టర్ డబ్బాలోకి వచ్చి, అక్కడి నుంచి రాగి కేబుల్‌తో స్విచ్‌కు చేరుతుంది. ఫైబర్ తెగినా కన్వర్టర్‌కూ స్విచ్‌కూ మధ్య లింకు లైటు వెలుగుతూనే ఉండవచ్చు. స్టాటిక్ బండిల్‌కు ఆ తెగింపు తెలియదు. సగం సంభాషణలను ఆ చచ్చిన దారిలోకే పంపుతూ ఉంటుంది. వాడేవారికి కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని తెరుచుకోవు. ఇంతకంటే వేధించే లోపం మరొకటి లేదు. ఎల్ఏసీపీ అయితే అవతలి నుంచి సందేశాలు ఆగిపోయాయని గుర్తించి ఆ కేబుల్‌ను పక్కన పెడుతుంది. నెమ్మది టైమర్‌లో 30 సెకన్లకు ఒక సందేశం వస్తుంది, 90 సెకన్లు చూసి లింకును తీసేస్తుంది. వేగం టైమర్‌లో సెకనుకు ఒకటి, గడువు 3 సెకన్లు. మీ రెండు చివరలా వేగం టైమర్ ఉంటే దాన్నే పెట్టండి. రెండు చివరలనూ యాక్టివ్‌గా ఉంచండి.

బండిల్‌లోని కేబుళ్లన్నీ ఒకే వేగంలో ఉండాలి. ఒకటి 10 గిగాబిట్లు, ఒకటి 1 గిగాబిట్ అయితే అవి ఒక కట్టగా నడవవు. అలాంటి చోట కింద చెప్పబోయే స్పానింగ్ ట్రీయే దారి. లూప్ రాకుండా, అంటే ప్యాకెట్లు గుండ్రంగా తిరుగుతూ ఉండిపోకుండా, ఒక దారిని ఆపి ఉంచే పద్ధతి అది.

స్టాక్ లోపలి సంగతులు

అప్‌లింక్ పద్ధతి కంటే ఎక్కువ దెబ్బలు తగిలేది ఇక్కడే. అందుకే దీని మీద ఎక్కువసేపు ఉంటాను.

మొదటిది స్టాక్ కేబుల్. రెండు స్విచ్‌ల మధ్య ఒకటే కేబుల్ వేసి వదిలేసినవారు, మూడు స్విచ్‌లను గొలుసులా కలిపి చివరి దాన్ని మొదటి దానికి కలపనివారు చాలామంది ఉన్నారు. రింగ్ పూర్తయి ఉంటే ఒక కేబుల్ ఊడినా స్టాక్ ఒకటిగానే ఉంటుంది, లోపలి వేగం మాత్రం తగ్గుతుంది. గొలుసుగా ఉండి మధ్యలో తెగితే స్టాక్ రెండు ముక్కలవుతుంది. ఆ రెండు ముక్కలకూ ఒకే కాన్ఫిగరేషన్, ఒకే ఐపీ అడ్రస్ ఉంటాయి. ఒకే మ్యాక్ కూడా ఉండిపోతే, పైనున్న కోర్ స్విచ్ రెండు కేబుళ్లూ ఇంకా ఒకే స్టాక్‌వని నమ్మి, ఒక ముక్కకు వెళ్లాల్సిన ప్యాకెట్లను రెండో ముక్కకు పంపుతుంది. రెండో అప్‌లింక్ ఉండడమే అప్పుడు చేటవుతుంది. హెచ్‌పీ కామ్‌వేర్ స్విచ్‌ల స్టాక్ పద్ధతి అయిన ఐఆర్ఎఫ్‌లో ఇలాంటి చీలికను పసిగట్టి ఒక ముక్క పోర్టులను మూసేసే ఎంఏడీ అనే సదుపాయం ఉంది. అరూబా స్టాక్ పద్ధతి అయిన వీఎస్ఎఫ్‌లోనూ అలాంటిది ఉంది. ఉన్నచోట తప్పక ఆన్ చేయండి. జూనిపర్ స్టాక్ అయిన వర్చువల్ ఛాసిస్‌లో రెండే స్విచ్‌లు ఉంటే చీలికను గుర్తించే అమరికను ఆపేయమని ఆ కంపెనీయే చెబుతుంది. ఆపకపోతే ఒక స్విచ్ చనిపోయినప్పుడు బతికున్నది కూడా తాను చీలిపోయాననుకుని పని మానేసే ప్రమాదం ఉంది.

రెండోది, స్టాక్‌ను నడిపించే మాస్టర్ స్విచ్ పోయినప్పటి సంగతి. స్టాక్ మొత్తం ఒక మ్యాక్ అడ్రస్ వాడుతుంది, అది మాస్టర్ స్విచ్‌దే. సిస్కో 3750 తరంలో మాస్టర్ మారగానే ఆ మ్యాక్ కూడా మారిపోతుంది. ఎల్ఏసీపీ గుర్తింపు మ్యాక్ నుంచే వస్తుంది కనుక బాగున్న కేబుల్ కూడా ఒకసారి పడిపోయి మళ్లీ లేస్తుంది. మ్యాక్‌ను ఎప్పటికీ మార్చకుండా ఉంచే అమరికలో టైమర్‌ను 0గా పెడితే ఈ కుదుపు తప్పుతుంది. దీనితోపాటు ఒక జాగ్రత్త ఉంది. ఆ పాడైన మాస్టర్ మరమ్మతై తిరిగి వచ్చాక దాన్ని అదే క్యాంపస్‌లో హాస్టల్‌కో మరో బ్లాకుకో విడిగా బిగించకండి. దాని మ్యాక్‌ను మీ పాత స్టాక్ ఇంకా వాడుతూనే ఉంటుంది, ఒకే నెట్‌వర్క్‌లో ఇద్దరు ఒకే పేరుతో తిరుగుతారు. అదే స్టాక్‌లోకి తిరిగి చేర్చండి, లేదా స్టాక్ మొత్తాన్ని ఒకసారి రీస్టార్ట్ చేసి కొత్త మ్యాక్ తీసుకోనివ్వండి.

మూడోది కొనేముందు ఆలోచించాల్సింది. స్టాక్ కోసం వెనుక వైపు ప్రత్యేక పోర్టులున్న స్విచ్‌లు ఒక రకం. సిస్కో 2960-ఎక్స్‌కు ఫ్లెక్స్‌స్టాక్ ప్లస్ మాడ్యూల్, 9300కు స్టాక్‌వైజ్ కేబుల్ ఇలాంటివే. ముందు వైపు ఎస్ఎఫ్‌పీ ప్లస్ పోర్టులనే స్టాక్‌కు వాడుకునేవి రెండో రకం: అరూబా 2930ఎఫ్, జూనిపర్ ఈఎక్స్ 2300. మొదటి రకంలో స్టాక్ కేబుల్ ఆ కంపెనీదే కావాలి, జయపురంలోనో రాయగడలోనో కంప్యూటర్ దుకాణంలో దొరకదు. రెండో రకంలో సాధారణ డీఏసీ కేబుల్ (రెండు చివరలా మాడ్యూళ్లు బిగించి వచ్చే రాగి కేబుల్) చాలు, వేరు వేరు గదుల్లోని స్విచ్‌లనైనా ఫైబర్‌తో కలపవచ్చు. కానీ నాలుగు 10 గిగాబిట్ పోర్టుల్లో రెండు స్టాక్ రింగ్‌కే పోతాయి, పైకి వెళ్లడానికి రెండే మిగులుతాయి. ఒక్కో స్విచ్ నుంచి ఒక్కో అప్‌లింక్ చాలనుకునే చిన్న సంస్థకు నేను రెండో రకాన్నే చెబుతాను. మొదటి రకం కొంటే ఒక స్టాక్ కేబుల్ అదనంగా ఆ బిల్లులోనే రాయించుకోండి.

పైన రెండు విడి స్విచ్‌లుంటే: స్పానింగ్ ట్రీ

బరంపురం లాంటి ఊళ్లలో పాత కోర్ ఒక కంపెనీది, తర్వాత కొన్న కోర్ మరో కంపెనీది అయిన చోట్లు ఎక్కువ. అక్కడ స్టాక్ నుంచి ఒక కేబుల్ ఒక కోర్‌కు, రెండోది రెండో కోర్‌కు వేసి, ఒకదాన్ని ఆపే పనిని ర్యాపిడ్ స్పానింగ్ ట్రీకి వదిలేయడమే సరైన పని. సగం వేగం వాడకుండా ఉండిపోతుందన్న బాధ పెట్టుకోకండి. యాభై కంప్యూటర్లున్న ఆఫీసులో ఒక గిగాబిట్ అప్‌లింక్ నిండడం అరుదు.

పాత 802.1డీ స్పానింగ్ ట్రీని మాత్రం వాడకండి. అందులో దారి మారడానికి 30 నుంచి 50 సెకన్లు పడుతుంది. 2001లో వచ్చిన ర్యాపిడ్ పద్ధతి చాలా సందర్భాల్లో సెకను, రెండు సెకన్లలో మారుస్తుంది. సిస్కో స్విచ్‌లు ఒక్కో వీలాన్‌కు (అవే స్విచ్‌ల మీద విడదీసి నడిపే నెట్‌వర్క్) ఒక చెట్టు చొప్పున తమదైన పద్ధతిలో నడుపుతాయి. వేరే కంపెనీల స్విచ్‌లు కూడా ఉంటే అన్నింటిలో ఉమ్మడి ప్రమాణమైన ఎంఎస్‌టీపీ పెట్టడం మేలు.

రూట్, అంటే దారులన్నింటికీ కేంద్రమయ్యే స్విచ్, ఏదో మీరే తేల్చి చెప్పాలి. ఏమీ చెప్పకపోతే అందరి ప్రాధాన్యం 32768గానే ఉంటుంది, అప్పుడు అతి చిన్న మ్యాక్ ఉన్న స్విచ్ రూట్ అవుతుంది. సాధారణంగా అది క్యాంపస్‌లోని అతి పాత స్విచ్. ల్యాబ్ మూలన పడి ఉన్న ఆ డబ్బా గుండా ఆస్పత్రి ట్రాఫిక్ అంతా తిరుగుతుంది. మొదటి కోర్‌కు 4096, రెండో కోర్‌కు 8192 ఇవ్వండి, చిన్న అంకె ఉన్నదే గెలుస్తుంది. స్టాక్‌లో వాడేవారి పోర్టులన్నింటిపై బీపీడీయూ గార్డ్ (స్పానింగ్ ట్రీ సందేశం వస్తే పోర్టును మూసేసే కాపలా) పెట్టండి. హాస్టల్ గదిలో ఎవరైనా చిన్న స్విచ్ తెచ్చి రెండు గోడ సాకెట్లకు కలిపితే ఆ పోర్టే మూతపడుతుంది, మిగతా క్యాంపస్ నడుస్తుంది. ఎల్ఏసీపీ ఎంచుకున్నవారు కూడా స్పానింగ్ ట్రీని ఆపకూడదు. బండిల్ తప్పుగా కట్టిన రోజున లూప్ నుంచి కాపాడేది అదే.

సిస్కోలో ఫ్లెక్స్ లింక్స్, కొన్ని ఇతర కంపెనీల్లో స్మార్ట్ లింక్ పేరుతో ఒక లింకు నడుస్తూ మరొకటి కాచుకుని ఉండే పద్ధతి ఉంది. ఫ్లెక్స్ లింక్స్ పెట్టిన పోర్టుల మీద స్పానింగ్ ట్రీ ఉండదు. పైనున్న పరికరం మీది కాకుండా, అద్దె లైను ఇచ్చినవారు స్పానింగ్ ట్రీ సందేశాలు ఒప్పుకోని చోట తప్ప దీని అవసరం నాకు కనిపించదు.

రౌటింగ్‌తో రెండు దారులు

స్టాక్‌నే గేట్‌వేగా (కంప్యూటర్లు బయటికి వెళ్లే ద్వారంగా) చేసి, పైకి రెండు రౌటెడ్ లింకులు వేసి, పరికరాలు దారులను ఒకదానికొకటి చెప్పుకునే ఓఎస్‌పీఎఫ్ నడిపితే రెండు దారులూ సమానంగా పనిచేస్తాయి, లూప్ భయం ఉండదు, పైన ఏ కంపెనీవైనా ఫర్వాలేదు. సాంకేతికంగా ఇది అన్నింటికంటే శుభ్రమైన పద్ధతి. అయినా యూనివర్సిటీ స్థాయి క్యాంపస్‌కు, సొంత నెట్‌వర్క్ సిబ్బంది ఉన్నచోటికి మాత్రమే చెబుతాను. దీనికి తగ్గ మోడల్, లైసెన్సు కావాలి. ఒకే వీలాన్‌ను రెండు భవనాల్లో వాడుతున్న సీసీటీవీ, వైఫై కంట్రోలర్ ఏర్పాట్లన్నీ మళ్లీ వేసుకోవాలి. కన్వర్టర్ల వెనుక ఫైబర్ తెగితే, ఓఎస్‌పీఎఫ్ మామూలు అమరికలో 40 సెకన్ల దాకా ఆగి గానీ దారి మార్చదు. దాన్ని తగ్గించడానికి తెగింపును త్వరగా పసిగట్టే బీఎఫ్‌డీ కావాలి. ఇవన్నీ తెలిసిన ఒక్క మనిషి బదిలీ అయితే తర్వాతి వారు ర్యాక్ ముట్టుకోవడానికి భయపడతారు. అలాంటి చోట ఎల్ఏసీపీ, లేదంటే ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ ఎక్కువ కాలం నిలుస్తుంది.

కేబుల్ వెళ్లే దారి, కరెంటు

“అన్నా, రెండు ఫైబర్లు ఉన్నాయి కదా, ఇంకేం కావాలి?” అని అడుగుతారు. రెండూ ఒకే గోతిలో, ఒకే పైపులో ఉంటే రోడ్డు పని చేసే జేసీబీ ఒక్క దెబ్బతో రెండింటినీ తెంపుతుంది. ఒకటి భూమిలో వేస్తే రెండోది వేరే వైపు నుంచి తేవాలి. స్తంభాల మీదుగా తెచ్చినా ఫర్వాలేదు గానీ రెండూ స్తంభాల మీదే వద్దు. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను గజపతి, గంజాం జిల్లాల్లో చెట్లను, స్తంభాలను ఎలా పడగొట్టిందో ఇక్కడివారికి చెప్పక్కర్లేదు.

భవనాల మధ్య రాగి కేబుల్ అసలే వద్దు, 100 మీటర్ల లోపు దూరమైనా సరే. ఈ కొండ జిల్లాల్లో వేసవి చివర పడే పిడుగులకు బయట వేసిన రాగి తీగ గుండా స్విచ్ పోర్టులు వరసగా పోతాయి. ఫైబర్‌లో కరెంటు పారదు. లోపల లోహపు తీగ లేని రకం అడిగి తీసుకోండి. సింగిల్ మోడ్ ఫైబర్ వేసి ఎల్ఎక్స్ మాడ్యూళ్లు పెడితే సాధారణంగా 10 కిలోమీటర్ల దాకా సరిపోతుంది. ఒక చివర తక్కువ దూరాలకు వాడే ఎస్ఎక్స్, మరో చివర ఎల్ఎక్స్ పెట్టి లింకు రాలేదని స్విచ్‌ను తిట్టకండి, రెండు చివరలా ఒకే రకం ఉండాలి. ఒకటి రెండు మాడ్యూళ్లు, ప్యాచ్ కార్డులు ర్యాక్‌లోనే విడిగా ఉంచండి.

స్టాక్‌లోని స్విచ్‌లన్నీ ఒకే యూపీఎస్ మీద ఉంటే ఆ యూపీఎస్ బ్యాటరీ చచ్చిన రోజు అన్ని అప్‌లింకులూ ఒకేసారి పోతాయి. రెండు యూపీఎస్‌లు ఉంటే, అప్‌లింక్ ఉన్న రెండు స్విచ్‌లను చెరొకదానికి కలపండి. కన్వర్టర్ డబ్బాలను కూడా అలాగే పంచండి. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు గుచ్చడం మామూలుగా జరిగే పొరపాటు.

కేబుళ్లకు గుర్తులు పెట్టేటప్పుడు రంగు టేపు, అంకెలు వాడండి. ఫోనులో చెప్పేవారు తెలుగువారు, ర్యాక్ దగ్గర ఉన్న వాచ్‌మన్ ఒడియా చదివేవారు కావచ్చు. “ఎరుపు రెండో నంబరు తీసి పెట్టండి” అంటే ఏ భాషలోనైనా పని జరుగుతుంది.

నడుస్తున్న నెట్‌వర్క్‌లో మార్చేటప్పుడు

ఒక్క కేబుల్‌తో నడుస్తున్న స్టాక్‌ను బండిల్‌లోకి మార్చేటప్పుడు రెండో కేబుల్ పోర్టును రెండు చివరలా మూసి ఉంచి, దాన్ని ఒక్కదాన్నే కొత్త బండిల్‌లో పెట్టి, అవసరమైన వీలాన్‌లన్నీ ఆ బండిల్ మీద ఇవ్వండి. పాత కేబుల్‌ను ఆపి, వెంటనే బండిల్‌ను తెరవండి. అది నిలబడ్డాక పాత కేబుల్‌ను కూడా అందులో చేర్చండి. మీరు దూరం నుంచి లాగిన్ అయి చేస్తుంటే మీ దారి ఏ కేబుల్ మీద ఉందో ముందు చూసుకోండి. తెగితే చేతికి అందని చివరను మొదట మార్చాలి.

తర్వాత పరీక్ష. స్టాక్ కింద ఒక ల్యాప్‌టాప్ పెట్టి గేట్‌వేకు ఆగకుండా పింగ్ (జవాబు వస్తుందో లేదో చూసే చిన్న సందేశం) నడపండి. మొదటి కేబుల్ లాగండి, తిరిగి పెట్టండి. రెండోదాన్నీ అలాగే చేయండి. కన్వర్టర్లుంటే రాగి వైపు కాకుండా ఫైబర్ వైపు లాగి చూడండి. ఆ తర్వాత మాస్టర్ కాని మెంబర్ స్విచ్ కరెంటు ఆపండి, చివరగా మాస్టర్‌ది. ల్యాప్‌టాప్ ఉన్న స్విచ్‌ను ఆపితే పింగ్ ఎలాగూ పోతుంది కాబట్టి దాన్ని అవతలి స్విచ్‌కు మార్చి చూడాలి. ఆపినప్పుడు ఎన్ని పింగ్‌లు పోయాయో రాసుకోవడంతో ఆగకండి, స్విచ్ తిరిగి లేచి స్టాక్‌లో చేరేటప్పుడు కూడా చూడండి. అప్‌లింక్ పోర్టు స్టాక్ పూర్తిగా సిద్ధం కాకముందే వెలిగి ప్యాకెట్లను మింగే మోడళ్లు ఉన్నాయి. అలాంటి చోట ఫర్మ్‌వేర్ మార్చాల్సి ఉంటుంది, అదీ స్టాక్‌లోని స్విచ్‌లన్నింటికీ ఒకే వెర్షన్. ఈ పరీక్షను వర్షాకాలం మొదలవకముందే, సెలవు రోజున పెట్టుకోండి. ఫలితాల కాగితాన్ని, కాన్ఫిగరేషన్ కాపీని స్విచ్‌లో కాకుండా బయట కూడా ఒకచోట ఉంచండి.